సెలవుల్లో టీనేజ్ పిల్లలకి ఒక్క నిర్ణయమైనా వదలండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సెలవులు మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్లో పిల్లల పేజీ చదువుతున్నానండి. ఈ సెలవుల్లో చేర్పించాల్సిన కోర్సులు, పై క్లాసు సిలబస్ ముందే ఎలా లాగించెయ్యాలి, ఫోన్ ఎలా మాన్పించాలి, ఎక్కువగా ఇవే వస్తున్నాయి. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారు, కాదనను. కానీ అవన్నీ పిల్లలతో మనం ఏం చేయించాలి అనే చెప్తున్నాయి, 13 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న పిల్లలు తమంతట తాము ఏదైనా చెయ్యాలని ఎందుకు అనుకోవట్లేదు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగట్లేదు. నేను హైస్కూల్లో పాఠాలు చెప్తాను, ఇంట్లో కూడా ఇదే వయసు పిల్ల ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. పొడుగైతే కత్తిరించండి కానీ డిప్రెషన్ గురించి రాసిన భాగం మాత్రం ముట్టుకోకండి ప్లీజ్.

ముందు నిద్ర సంగతి చెప్తా ఎందుకంటే ఇంట్లో గొడవలు పొద్దున్నే అక్కడే మొదలవుతాయి కాబట్టి. "పదింటిదాకా లేవడండి, మొద్దు నిద్ర" అని సెలవుల్లో కనపడ్డ ప్రతి పేరెంటూ అంటారు. యుక్తవయసు మొదలయ్యాక ఒంట్లో ఉండే గడియారమే ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను చిన్నప్పటికంటే రాత్రి లేటుగా వస్తుంది, దానికి తోడు పొద్దున్నుంచి మేలుకుని ఉన్నందుకు రావాల్సిన నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగా పేరుకుంటుంది. కాబట్టి తొమ్మిదింటికే పడుకోమంటే వాళ్ళకి నిజంగానే నిద్ర పట్టదు, వేషాలు కాదు. 1970ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ అనే సైంటిస్టు సరిగ్గా వేసవి సెలవుల్లోనే పిల్లలకి నిద్ర క్యాంపు పెట్టారు, అదే పిల్లల్ని ఏటా మళ్ళీ పిలిచి రాత్రికి 10 గంటలు పడుకునే వీలిచ్చి ఎంతసేపు నిద్రపోతున్నారో కొలిచారు. పెద్దవుతున్న కొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందనే అందరూ అనుకున్నారు. తగ్గలేదు. టీనేజ్‌లోకి వచ్చాక కూడా 9 గంటల పైనే పడుకున్నారు, పైగా అంత పడుకున్నా చిన్నప్పటికంటే పగలు ఎక్కువ మత్తుగా ఉన్నారు. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర డాక్టర్లు ఇప్పటికీ చెప్పేది ఇదే.

ఇప్పుడు స్కూలు రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి, తెల్లారకముందే లేపడం, రాత్రి చదువు, మధ్యలో ట్యూషను, అలా నెలల తరబడి కోతపడిన నిద్ర సెలవులు రాగానే ఒక్కసారి మీద పడుతుంది. మొదటి వారం పది రోజులు పడుకోనివ్వండి, దాన్ని బద్ధకం అనకండి. ఆ తర్వాత మాత్రం లేచే టైము స్కూలు రోజులకంటే ఒక రెండు గంటలకి మించి జరగకుండా చూస్తే చాలు, లేవగానే కాసేపు ఎండ వెలుగు కంట్లో పడితే గడియారం దానంతట అదే సర్దుకుంటుంది. తెల్లవారుజామున మూడింటిదాకా మేలుకుని మధ్యాహ్నం లేచే పద్ధతిని నెలంతా వదిలేస్తే మాత్రం వాళ్ళ మూడ్ పాడవుతుంది, ఇంట్లో మనుషులతో కలిసి గడిపే టైము కూడా మిగలదు.

ఇక అసలు విషయానికి వస్తానండి. పిల్లల్లో ఉత్సాహం లేదు, దేనిమీదా ఇంట్రెస్ట్ లేదు అంటున్నాం కదా, ఏడాదంతా వాళ్ళ రోజులో వాళ్ళు సొంతంగా నిర్ణయించుకునేది ఏముందో ఒకసారి లెక్కేసి చూడండి. ఎప్పుడు లేవాలో, ఏం చదవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో, ఎప్పుడు నీళ్ళు తాగాలో కూడా బెల్లే చెప్తుంది. అలా పది నెలలు గడిచాక ఒకరోజు పొద్దున అన్నీ ఆగిపోయి ఇష్టమొచ్చింది చేసుకో అంటే ఏం చెయ్యాలో తోచదు, ఎందుకంటే నాకేం ఇష్టం అని తనని తాను అడిగే అలవాటే వాళ్ళకి మిగల్లేదు. రెండు రోజులు ఆ తోచనితనం చూసి మనకి కంగారు పుడుతుంది, వెంటనే మనమే ఇంకో టైమ్‌టేబుల్ రాసి గోడకి అతికిస్తాం, పొద్దున ఈత, తర్వాత కోడింగ్, సాయంత్రం ఇంగ్లీషు. అంటే ఉన్న జబ్బుకి అదే జబ్బుని మందుగా ఇస్తున్నాం.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దశాబ్దాల పాటు ఈ ఒక్క విషయం మీదే పని చేశారు. మనిషికి లోపల్నుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలంటారు వాళ్ళు, ఇది నేను ఎంచుకున్నాను అనే భావన, ఇది నాకు చేతనవుతోంది అనే నమ్మకం, నావాళ్ళు నాకున్నారు అనే దగ్గరితనం. నా అనుభవంలో సెలవుల్లో మనం మూడోదాన్ని కాస్తోకూస్తో ఇస్తాం, రెండోదాన్ని కోర్సులు పెట్టి కొందామని చూస్తాం, మొదటిదాన్ని అసలు తలుచుకోం. మొదటిది లేకుండా రెండోది నిలబడదండి. తను ఎంచుకోని కోర్సులో ఎంత బాగా చేసినా అది అమ్మ కోసం చేసినట్టే ఉంటుంది, కోర్సు అయిపోయిన మర్నాడు ఆ పుస్తకం అటకెక్కుతుంది.

లంచాల గురించి కూడా చెప్పాలి. "ఈ పుస్తకం పూర్తి చేస్తే కొత్త ఫోను", "రోజూ బొమ్మలేస్తే ఇంత డబ్బు", ఇవి దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నవే. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు కలిసి నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, వీళ్ళు అప్పటికే స్కెచ్ పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసే పిల్లలు. కొంతమందికి ముందే చెప్పారు, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని. కొన్నాళ్ళ తర్వాత ఊరికే ఆడుకునే టైములో గమనిస్తే, ఆ సర్టిఫికెట్ ఆశతో వేసిన పిల్లలు మిగతావాళ్ళకంటే సుమారు సగం సేపే పెన్నులు పట్టుకున్నారు. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ ఇష్టం తగ్గలేదు. చిన్నపిల్లల ప్రయోగమే అనుకోండి, కానీ డెసీ కూడా అంతకుముందే 1971లో కాలేజీ స్టూడెంట్లకి పజిల్స్ ఇచ్చి, కొందరికి డబ్బులిచ్చి చూస్తే అదే తేలింది, డబ్బులు ఆగాక వాళ్ళకి పజిల్ మీద ఆసక్తి తగ్గింది. ఎలాగూ ఎవరికీ ఇష్టం లేని పనికి, స్టోర్ రూమ్ శుభ్రం చెయ్యడం లాంటిదానికి, ఏదైనా ఇస్తే వచ్చే నష్టమేం లేదు. పిల్లకి ఇప్పటికే ఇష్టమైన పనికి మాత్రం రేటు కట్టకండి దయచేసి.

మరి ఏం చెయ్యమంటారు అంటే, నేను చెప్పేది ఒక్కటే, ఈ సెలవుల్లో వాళ్ళకి ఒక నిజమైన నిర్ణయం పూర్తిగా వదలండి. నిజమైన అని ఎందుకంటున్నానంటే, "కరాటేకి వెళ్తావా, చెస్‌కి వెళ్తావా" అని అడగడం నిర్ణయం ఇచ్చినట్టు కాదు, రెండూ మనం ఎంచినవే. ఉదాహరణకి వారంలో ఒక పూట ఇంటి వంట మొత్తం తనదే అనండి, ఏం వండాలి, ఏం కొనాలి, ఎంతలో కొనాలి అన్నీ తనే చూసుకోవాలి, ఉప్పు ఎక్కువైనా ఇంట్లో అందరం అదే తింటాం. లేదా బంధువుల ఇంటికి వెళ్ళే ప్రయాణం ప్లానంతా అప్పజెప్పండి, ఏ రోజు, ఏ బండి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎంత ఖర్చు. బండి మిస్సయితే తర్వాతది చూసుకుంటాం, ప్రపంచం మునిగిపోదు. ఇక్కడ కష్టమైన పని మనదేనండి, మధ్యలో చెయ్యి పెట్టకుండా ఉండటం. పొరపాటు జరగబోతోందని కనిపిస్తున్నా, ప్రమాదం లేనంతవరకు నోరు నొక్కుకోవాలి. మూడోరోజే "ఇటివ్వు నేను చేస్తా" అన్నామంటే అంతకుముందు వదిలినదంతా వెనక్కి తీసుకున్నట్టే.

మా క్లాసులో ఏడాదంతా నోరు విప్పని అబ్బాయి ఒకడుండేవాడు. సెలవుల్లో వాళ్ళ నాయనమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే ఇంట్లోవాళ్ళు ఆవిడ వ్యాయామాల బాధ్యత వీడికి అప్పజెప్పారంట, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం, అక్కడ ఏం చూపించారో ఇంట్లో చేయించడం. స్కూలు తెరిచాక ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించాడు, ఏ రోజు మోకాలు ఎంత వంగింది, ఏ రోజు నొప్పి ఎక్కువుంది, ఏ వ్యాయామం చేస్తే ఆవిడ తిట్టింది, అన్నీ తేదీలతో రాసుకున్నాడు. ఎవరూ రాయమనలేదు. హోంవర్క్ నాలుగు లైన్లు రాయడానికి ఏడ్చే పిల్లాడండి వాడు. ఆ పని వాడికి పూర్తిగా వదిలారు, ఆవిడ రోజురోజుకీ నడవడం కళ్ళారా చూశాడు, పైగా ఆవిడ వీడి నాయనమ్మ. పైన చెప్పిన మూడూ ఒక్కచోట దొరికాయి.

కొందరు పిల్లలు ఏదీ ఎంచుకోరు, "మూడ్ లేదు" అంటారు, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఇక్కడ కూడా మనకి తెలిసిన విషయం ఒకటుంది, మూడ్ వచ్చాక పని చేద్దాం అని కూర్చుంటే ఆ మూడ్ చాలాసార్లు రాదు, చిన్న పని మొదలుపెట్టాకే మెల్లగా వస్తుంది. పీటర్ లెవిన్‌సన్ లాంటి సైకాలజిస్టులు 1970ల్లోనే ఈ ఆలోచన మీద డిప్రెషన్‌కి వైద్యం మొదలుపెట్టారు, ఇప్పటికీ వాడుతున్నారు. కాబట్టి పెద్ద లక్ష్యాలు అడక్కండి, "నేను కూరగాయలకి వెళ్తున్నా, తోడు వస్తావా" అంటే చాలు. రానంటే సరే అనండి, రేపు మళ్ళీ అడగండి, మొహం మాడ్చుకోకుండా అడగడం ముఖ్యం. ఇలా పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో, గిన్నెలు తుడుస్తున్నప్పుడో చెప్పే మాటలు ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే ఈ వయసు పిల్లలు చచ్చినా చెప్పరు. నా అనుభవంలో అసలు మాట ఎప్పుడూ ఇల్లు దగ్గరికొచ్చాక చివరి నిమిషంలో వస్తుంది, అప్పుడు తాళం తియ్యడానికి తొందరపడకుండా ఇంకో చుట్టు తిరగండి.

ఫోన్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాస్తూనే ఉన్నారు. గంటలు లెక్కపెట్టడం కంటే ఆ ఫోను దేన్ని మింగేస్తోందో చూడండి, నిద్రనా, ఒంటి కదలికనా, మనుషులతో గడపడాన్నా. స్నేహితులంతా స్కూల్లోనే ఉన్న పిల్లకి సెలవుల్లో ఆ ఫోనే స్నేహం, లాక్కుంటే ఒంటరిదైపోతుంది. రాత్రి మాత్రం ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టండి, అన్నీ అంటే నాన్నది కూడా. ఒంటి కదలికకి వస్తే 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మళ్ళీ చెప్పింది, 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో 81 శాతం మంది అంత కదలట్లేదు. దానికి క్లబ్బులో మెంబర్‌షిప్పే ఉండాలని లేదు, డాన్సు చేసినా సైకిలు తొక్కినా చెమట పడితే సరిపోతుంది.

ఇంకో మాట, సెలవులంటే ఖాళీ అని మనం రాసేస్తాం కానీ చాలామంది పిల్లలకి సెలవులు ఖాళీ కాదు. తమ్ముళ్ళని చూసుకోవడం, ఇంటి చాకిరీ, ఎవరో ఒకరి కింద పని, ఇవన్నీ సెలవుల్లోనే పడతాయి, మరీ ముఖ్యంగా ఆడపిల్లల మీద. అదే ఇంట్లో అన్నకి టైమ్‌టేబుల్, చెల్లికి పని. అలాంటి పిల్లకి కావాల్సింది కొత్త బాధ్యత కాదు, రోజుకో గంట ఎవరూ పిలవని టైము, ఆ గంటలో తను ఏం చేసినా ఏమీ చెయ్యకపోయినా అడక్కూడదు. స్కూల్లో ఒక టీచరు దగ్గరో ఫ్రెండు దగ్గరో మాత్రమే ఊపిరి పీల్చుకునే పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళకి ఇంట్లో పరిస్థితి బాగోదు, సెలవులు వాళ్ళకి భయం. తోటి టీచర్లకి నా విన్నపం, అలాంటి పిల్లలు ఎవరో మనకి తెలుసు కదా, ఇంట్లోవాళ్ళకి చెప్పి సెలవుల మధ్యలో ఒక్క ఫోను చెయ్యండి, మార్కుల గురించి మాట్లాడకండి, ఎలా ఉన్నావని అడగండి.

ఇప్పుడు, మిమ్మల్ని ముట్టుకోవద్దని నేను మొదట్లో అడిగిన భాగం. ప్రపంచవ్యాప్తంగా 10 నుంచి 19 ఏళ్ళవాళ్ళలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సెలవుల్లో అది బద్ధకంలా కనపడుతుంది, అదే ప్రమాదం. అలిసిపోయిన పిల్లాడు పడుకుని లేస్తాడు, తనకి ఇష్టమైనది కనపడితే కళ్ళు మెరుస్తాయి, ఫ్రెండ్ ఫోన్ చేస్తే నవ్వుతాడు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లాడికి అంతకుముందు ప్రాణంగా ఉన్న ఆట కూడా వద్దనిపిస్తుంది, ఫ్రెండ్స్ ఫోన్లు ఎత్తడు, తిండి బాగా తగ్గుతుంది లేదా పెరుగుతుంది, నిద్ర అస్సలు పట్టదు లేదా రోజంతా నిద్రే, నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు లాంటి మాటలు అంటాడు. ఈ వయసులో డిప్రెషన్ ప్రతిసారీ ఏడుపులానే రావాలని లేదు, చాలాసార్లు చిరాకులా కోపంలా వస్తుంది, ముట్టుకుంటే అరుస్తారు, మనం పొగరు అనుకుని ఇంకో దెబ్బ వేస్తాం. ఇలాంటివి దాదాపు రోజంతా, రెండు వారాల పాటు ఆగకుండా ఉంటే ఇక వేచి చూడొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, జ్వరం తగ్గకపోతే తీసుకెళ్తాం కదా.

చావు గురించి మాట్లాడితే మాత్రం ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. రిజల్ట్స్ సెలవుల్లోనే వచ్చే ఇళ్ళలో ఇంకా జాగ్రత్త అవసరం. అనుమానం వస్తే సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా" అని ఆ మాటే వాడి అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలా పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెప్తుంది, అడిగితే చాలామంది పిల్లలకి బరువు దిగినట్టు ఉంటుంది. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో మందులు, పురుగుమందులు చేతికి అందకుండా తాళం వెయ్యండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. మేనమామో అత్తో ఎవరితో ఆ పిల్ల బాగా మాట్లాడుతుందో వాళ్ళని పిలవండి, పరువు సంగతి తర్వాత.

సెలవులు అయిపోయే ముందు మాట కూడా చెప్పేస్తా. స్కూలు తెరిచే రోజు పొద్దున్నే ఐదింటికి లేపితే ఒళ్ళు ఎలా సహకరిస్తుంది, రెండు వారాల ముందునుంచే పడుకునే టైమూ లేచే టైమూ రెండు మూడు రోజులకోసారి ఒక పావుగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ రండి, ఇది కూడా వాళ్ళనే లెక్క వేసుకోమనండి, మనం అలారం మాత్రం గుర్తు చేద్దాం.

ఎడిటర్ గారూ, మీకు ఒక విన్నపం. వచ్చే ఆదివారాల్లో ఆ పేజీలో సగం పిల్లలకే ఇవ్వండి. ఎక్స్‌పర్ట్ సలహాలు, ర్యాంకర్ల ఇంటర్వ్యూలు తగ్గించి, మామూలు పిల్లలు ఈ సెలవుల్లో తాము ఎంచుకుని చేసిన పని గురించి రాసి పంపితే అది వెయ్యండి, మధ్యలో మానేసిన పని అయినా సరే, ఎందుకు మానేశారో రాయనివ్వండి. తప్పులుంటే దిద్దకండి, ఫోటో అడక్కండి, పేరు వద్దంటే తీసెయ్యండి. ఆ పేజీలోనే కింద ప్రతివారం హెల్ప్‌లైన్ నంబరు పెద్ద అక్షరాల్లో వెయ్యండి. మా క్లాసు పిల్లలకి చెప్పి రాయించే పూచీ నాది, అంటే రాయమని చెప్తాను, రాయాలా వద్దా అన్నది వాళ్ళిష్టం.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక హైస్కూల్ టీచర్